బొగ్గు అయిపోయిన ఓడ

సినిమావాళ్ళకు గుంటమగ్గం కావాలట. ఆ మాట విని నగరిలో నవ్వని మనిషి లేడు. ఊరు ఊరంతా పవర్‌లూముల మోతతో అదిరిపోతుంటే, వీళ్ళకు నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని, పోగును ఇటూ అటూ మోసే నాడెను చేత్తో ఆడించే మగ్గమే కావాలట. దాని మీద కూర్చుని నేసే పెద్దాయన కూడా కావాలట.

"మగ్గాలన్నీ ఎప్పుడో నీళ్ళపొయ్యిలోకి పోయినాయి తల్లీ," అన్నారు వీధిలోవాళ్ళు, అడగడానికి వచ్చిన అమ్మాయితో. "లూములొచ్చిన ఏడు అందరం మగ్గాల కర్ర నరికి నీళ్ళు కాంచుకున్నాం. దామోదరం ఒకడే కాల్చకుండా అటక మీద దాచుకున్నాడు. ఆడికి పోయి అడుగు."

ఆ అమ్మాయి పేరు మహిత. తిరుపతి పిల్ల, అసిస్టెంట్ డైరెక్టరు. దామోదరం ఇంటి వెనక ఉన్న షెడ్డు గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచింది. ఆరు లూములు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే దేవుడు పిలిచినా వినపడదు. అయితే దామోదరం కూతురు చౌడేశ్వరి ఆమె పెదాలు చూసింది. "పెద్దాయన ఉన్నారా?" అంటోంది. లూముల మధ్య బతికేవాళ్ళకు మాట వినడానికి చెవితో పని లేదు. షెడ్డులో ఎవరూ గొంతు చించుకోరు. ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, చప్పుడు లేకుండా మాట్లాడుకుంటారు. పోగు తెగిందనీ, నూలు చుట్టిన కండె అయిపోయిందనీ, టీ వచ్చిందనీ అంతా పెదాలతోనే. లూము ఆడించు అనడానికి పిడికిలి బిగించి హ్యాండిలు లాగినట్టు చూపిస్తే చాలు.

చౌడేశ్వరి తల మీద పడిన నూలు నూగు దులుపుకుంటూ బయటికి వచ్చింది. ఆమెకు నలభై దాటాయి. కాపురం పక్క వీధిలో, పని తమ్ముడు మురుగేష్ షెడ్డులో. మహిత విషయమంతా చెప్పింది. ఫోన్లలో చూసే సీరియల్ తీస్తున్నారు. వెనకటి కాలపు పరదేశం నవల అది. ఒక దొర పందెం కట్టి, గడువులోపల భూమి చుట్టూ తిరిగి ఇంటికి చేరాలి. మధ్యలో మన దేశం వస్తాడు. కార్వేటినగరం పాత కోటగోడ పక్కన సంత సెట్టింగు వేశారు. దొర ఆ సంతలో నడిచిపోతాడు, దారిలో ఒక సాలెమగ్గం కనపడాలి.

నూగు దులుపుతున్న చౌడేశ్వరి చెయ్యి ఆగిపోయింది.

"బొంబాయిలో ఓడ దిగి రైలెక్కతాడు. ఆ దొరేనా?"

"అవునాంటీ. మీకు తెలుసా?"

తెలుసా అంటే ఏం చెబుతుంది? పదకొండేళ్ళప్పుడు ఆ దొరతో కలిసి సగం ప్రపంచం తిరిగింది. ఈలోగా మురుగేష్ కూడా బయటికి వచ్చాడు.

"బెలూన్లో పోతాడే, ఆ కథే గదా?"

"బెలూన్ లేదురా."

"ఉండాదక్కా. తిరుత్తణి టాకీసులో నా కండ్లారా సూసినా."

"నేను పుస్తకమే సదివినా. రైలుండాది, ఓడుండాది, ఏనుగుండాది. బెలూన్ లేదు."

అక్కాతమ్ముళ్ళకు ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న తగాదా. పెళ్ళిళ్ళయి పిల్లలు పెద్దవాళ్ళైనా తీరలేదు. మహిత నవ్వింది. "ఇద్దరిదీ నిజమే. పుస్తకంలో లేదు, సినిమా తీసినవాళ్ళు పెట్టుకున్నారు. మాదాంట్లోనూ పెట్టాం." మురుగేష్ అక్క వైపు విజయగర్వంతో చూశాడు. వాడికి ఆ ఒక్క ముక్క చాలు, నెలరోజులు సంబరంగా ఉంటాడు.

దామోదరం ఇంటి ముందర అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. లూముల మోతకు ఆయన చెవులు కొంచెం కొంచెంగా వెళ్ళిపోయి, ఇప్పుడు పూర్తిగా లేనట్టే. ఒకసారి లూములోంచి ఎగిరిన నాడె భుజానికి తగిలాక మురుగేష్ ఆయన్ని షెడ్డులోకి రానివ్వలేదు. అప్పటి నుంచి ఆయనతో ఎవరు మాట్లాడాలన్నా పక్కన కూర్చుని చెవిలో నోరు పెట్టి అరుస్తారు. అరిచి అరిచి అందరి మాటలూ కురచైపోయాయి. అన్నం. మాత్ర. లోపలికి రా. కూతురు కూడా అంతే. ఒకప్పుడు పొద్దుగూకేదాకా తండ్రితో కబుర్లాడిన పిల్ల, ఇప్పుడు ఆయనతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడుతుంది, అవీ కేకలే.

"సినిమా!" అని మురుగేష్ ఆయన చెవిలో అరిచాడు. "మగ్గం! నువ్వు నెయ్యాలంట!"

"తినేసినాలే," అన్నాడు దామోదరం.

మహిత ఆలోచించి తన ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. పొడుగు టోపీ, చేతికర్ర, వెనక భూగోళం బొమ్మ. దామోదరం ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తరువాత తలెత్తి కూతుర్ని చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన లేచి, లోపలికి వెళ్ళి, అటక కింద నిలబడి పైకి చూడసాగాడు.

మగ్గం దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఎలుకలు తాళ్ళు కొరికేశాయిగానీ కర్ర చెక్కు చెదరలేదు. దామోదరం ఒక్కొక్క కర్రనూ తడిగుడ్డతో తుడిచాడు. పోగును దగ్గరికి కొట్టే అచ్చుపలకను తుడిచేటప్పుడు దాని అంచున అరిగిన చోట వేలు పెట్టి, అక్కడే ఉంచాడు. కూతురు ఆ చోటు గుర్తుపట్టింది. ఆయన చెయ్యి పడీపడీ అరిగిన చోటు అది. ఆ మగ్గం గుంట గట్టు మీద, ఆయన ఎడమచేతి పక్కన తను కూర్చునేది. లైబ్రరీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివేది. మగ్గం మోత మెత్తన, మనిషి మాటను మింగేసేది కాదు. కథ రంజుగా ఉన్నచోట నాయన కాళ్ళు నెమ్మదించేవి. కండెలు చుడుతున్న అమ్మ అరిచేది, "కథ వింటా కూసుంటే గుడ్డ ఎట్ల తెగతాది?" అని. ఆయన నవ్వి మళ్ళీ నాడె ఆడించేవాడు.

దొర బొంబాయిలో రైలెక్కాడని చదివిన రోజు నాయన మగ్గం పూర్తిగా ఆపేశాడు. "బొంబాయి రైలంటే మన ఊరి మీద పోయేదే గదా మేయ్! అయితే మన ముక్కుకొండను సూసే ఉంటాడు." పుస్తకంలో ఆ రైలు వేరే దిక్కుకు పోయిందని ఆమెకు తెలుసు. కానీ నాయన ముఖం చూశాక ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఇప్పటికీ బొంబాయి మెయిలు కూత వినపడే వేళకు, వినపడకపోయినా, అటు చూస్తాడు.

పుస్తకం చివరిదాకా సాగలేదు. దొర ఇంటికి తిరిగొస్తున్నాడు, సముద్రం ఇంకా మిగిలి ఉంది, గడువు ముంచుకొస్తోంది, ఓడలో బొగ్గు అయిపోయింది. అంతవరకూ చదివిన మర్నాడు ఇంట్లోకి లూములు వచ్చాయి. ఆమె పుస్తకం పట్టుకుని లూము పక్కన నిలబడి గొంతు బొంగురుపోయేదాకా చదివింది. నాయన చెవికి చెయ్యి ఆన్చి చూసి, అడ్డంగా తలాడించాడు. లైబ్రరీ గడువైపోయి పుస్తకం వాపసు ఇచ్చేసింది. కొన్నాళ్ళకు ఆమె కూడా మరో లూము ముందర నిలబడింది.

*

కార్వేటినగరంలో కోటగోడ పక్కన వేసిన సంత నిజం సంతకన్నా బాగుంది. పసుపు రాశులు, ఇత్తడి బిందెలు, ఎద్దులు, పక్క ఊళ్ళ నుంచి కూలికి తెచ్చిన మనుషులు. చింతచెట్టు పక్కన గుంట తవ్వి ఉంచారు. దామోదరం అందులోకి దిగి, పాదాలతో లోతు చూసుకుని, ఇంకొంచెం మన్ను తీయించాడు. మురుగేష్ కర్రలు నిలబెట్టాడు. పడుగు బిగించాక, తెగిన పోగులను ఆయన ఒక్కడే అతికించాడు. వేలికి బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి వదిలేస్తే పోగు నిలిచిపోయేది. కళ్ళు మసకలైనా వేళ్ళు తడబడలేదు. చౌడేశ్వరి ఎదురుగా నిలబడి చూస్తూ ఉంది. నాయన మళ్ళీ మగ్గంలో కూర్చోవడం చూడాలని తనకు ఇంత ఆశ ఉందని ఆమెకు ఆ రోజుదాకా తెలియదు.

బట్టలవాళ్ళు ఆయనకు ముతక పంచె కట్టి, తలకు ఎర్రటి పాగా చుట్టారు. ఆయన పాగాను తడిమి చూసుకుని, "బాగుండాదా?" అని పెద్దగా అడిగాడు. చెవులు లేని మనిషి గొంతు, సంత సగం తిరిగి చూసింది. ఆమె బొటనవేలు చూపించింది.

మైకులో "యాక్షన్" అన్నారు. సంతలో అందరూ కదిలారు. దామోదరం మాత్రం నాడె పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. మళ్ళీ అన్నారు. మళ్ళీ అంతే. డైరెక్టరు హిందీలో ఏదో విసుక్కున్నాడు. మహిత పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ఈయనకు వినపడదని చెప్పలేదే! వేరే మనిషిని పెట్టమంటున్నారు."

"వద్దమ్మా. నన్ను ఆ కెమెరా పక్కన నిలబెట్టు సాలు. నేను సైగ చేస్తా."

కెమెరా పక్కన నిలబడి, "యాక్షన్" అనగానే ఆమె పిడికిలి బిగించి హ్యాండిలు లాగినట్టు చూపింది. దామోదరం కాళ్ళు కదిలాయి. నాడె ఇటు నుంచి అటు పోయింది. దొరకు బదులు ఒక కుర్ర అసిస్టెంటు సంతలో నడిచి చూపించాడు. డైరెక్టరు ఆ పాదాలను, ఆ చేతులను దగ్గరి నుంచి తీయించుకుని, ఈసారి తెలుగులోనే "సూపర్" అన్నాడు. చౌడేశ్వరికి కళ్ళు చెమర్చాయి. వీధిలో అందరికీ చెప్పి వచ్చింది, మా నాయన సీరియల్లో కనపడతాడని.

అసలు షాట్‌కు అసలు నటుడు వచ్చాడు. పొడుగు టోపీ, బూడిదరంగు కోటు, చేతికర్ర. ఆమె సైగ చేసింది. మగ్గం కదిలింది. దొర పసుపు రాశులు దాటి, బిందెలు దాటి, మగ్గం దగ్గరికి వచ్చాడు. తల ఎత్తకుండా నేస్తూ ఉండాలని దామోదరానికి ముందే చూపించారు. ఆయన తల ఎత్తాడు. నాడె చేతిలో ఉండిపోయింది. గుంటలోనే సగం లేచి నిలబడి ఏదో అడిగాడు.

సంత గోలలో ఆ మాట చౌడేశ్వరిదాకా రాలేదు. కానీ ఆమె పెదాలు చూసింది.

"దొరా, బొగ్గు దొరికిందా?"

నటుడు అటూ ఇటూ చూశాడు. "కట్" అన్నారు. అందరూ నవ్వారు. మహిత వెళ్ళి నోటి మీద వేలు పెట్టుకుని మాట్లాడకూడదని చూపించింది. దామోదరం బుద్ధిగా తల ఊపాడు. రెండోసారి కూడా అదే జరిగింది. ఈసారి దొర కోటు అంచు పట్టుకుని మరీ అడిగాడు. నటుడు మంచివాడే, కోప్పడలేదు. ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. దామోదరం ఆ పెదాలనే చూస్తూ ఉండిపోయాడు. ఆ భాష పెదాల మీద కూడా ఆయనకు అందలేదు.

మూడోసారి అవకాశం ఇవ్వలేదు. "పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టండి," అన్నారు. బట్టలతను వచ్చి ఆయన తల మీద పాగా విప్పి, అక్కడికక్కడే కూలికి వచ్చిన ఇంకో మనిషి తలకు చుట్టాడు. "నేయకపోయినా పరవాలేదు, చేతులు ఆడించు," అని ఆ మనిషికి చెప్పారు. దామోదరం చింతచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో వట్టి తలతో కూర్చుని, తన మగ్గంలో చేతులాడిస్తున్న మనిషిని చూశాడు. ఆయన నేసిన జానెడు గుడ్డ అంతలోనే ఆగిపోయి ఉంది.

"బొగ్గు బొగ్గు అంటున్నారేంటి ఆంటీ ఆయన?" అని మహిత అడిగింది.

"ఏమోమ్మా. వయసైపోయింది. ఏదేదో అంటాడు," అంది చౌడేశ్వరి.

అనేసిన మరుక్షణం నాలుక కొరుక్కుంది. అందరి ముందూ తన పరువు దక్కించుకోవడానికి నాయనను మతి లేనివాణ్ని చేసేసింది.

*

మురుగేష్ మగ్గం దగ్గర ఉండిపోయాడు. తండ్రీకూతుళ్ళు పుత్తూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు ఎక్కారు. ఆమె ఆయన ముఖం చూడలేదు. కోపం ఇంకా తగ్గలేదు. తల వంచుకుని నేస్తే పోయేది గదా. కాసేపు. ఒక్క కాసేపు. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. బొగ్గు వ్యాగన్లతో గూడ్సు బండి ఒకటి నిదానంగా పోతోంది.

"ఈ దావనే పోయినాడు," అన్నాడు దామోదరం కిటికీలోంచి చూస్తూ. ఆయన గొంతుకు బస్సులో జనం తిరిగి చూశారు. ఆయనకు తెలియదు కాబట్టి ఆగలేదు.

"మురుగా ఫోన్లో సినిమా ముక్కలు సూపించినాడు మేయ్. ఏనుగొచ్చింది. ఎగిరే బుడగొచ్చింది. ఆ ఓడ రాలేదు. పిల్లోళ్ళ బొమ్మల సినిమా సూపించినాడు. దాంట్లోనూ రాలేదు. అందరూ బుడగలో ఎగిరిపోతా ఉండారు. నువ్వు సదివినప్పుడు బొగ్గు అయిపోయి సముద్రం నడిమిట్లో నిలబడిపోయింది గదా, అది అట్లనే ఉండాది నాకు."

చౌడేశ్వరి ఆయన భుజం పట్టుకుంది. "ఆయప్ప దొర కాదు నాయనా, వేషగాడు," అని చెవిలో అరిచింది.

ఆ మాట వినపడిందో, ఆమె ఏమంటుందో ఊహించాడో. "దొర కాదని నాకు తెలీదా? వేషమే. మన వీధినాటకంలో రాజు వేషం కట్టినాయన పోతా ఉంటే మనం అడగమా? నిలబెట్టి అడిగితే జవాబు సెప్తాడు. వేషం కట్టినోడికి కథంతా తెలిసుండల్లా?"

నిజమే. ఈ పక్క తిరనాళ్ళలో వేషం కట్టిన మనిషిని వేషం విప్పేదాకా ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆడవాళ్ళు కాళ్ళకు మొక్కి కష్టాలు చెప్పుకుంటారు. ఆయన రాజుగానే విని రాజుగానే దీవించి పోతాడు. నాయన చేసిన తప్పు అదొక్కటే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఓడ ఏమైందో తెలుసుకోవాలని మనసులో పెట్టుకుని, తెలిసిన మనిషి ఎదురుపడితే అడిగాడు. తనే ఆయన్ను ఆ సముద్రంలో వదిలిపెట్టి వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల, దాని తప్పేముంది? కానీ నలభై ఏళ్ళు నిండిన మనిషికి లైబ్రరీ దారి తెలియకపోలేదు గదా.

ఆమె బస్సులోనే మహితకు ఫోన్ చేసింది. బొగ్గు సంగతి మొత్తం చెప్పింది.

"నిజంగా అదే అడిగారా ఆయన?" అంది మహిత.

"అదే. ఇందాక నీతో అబద్ధం సెప్పినా. ఆ పుస్తకం తెలుగుది యాడైనా దొరుకుతాదా తల్లీ?"

*

షూటింగు ముగిశాక వ్యానులో మగ్గం కర్రలు వాపసు వచ్చాయి. మహిత స్వయంగా వచ్చింది. తిరుపతిలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిందట, పిల్లల కోసం కుదించిన తెలుగు పుస్తకం. అట్ట లేదు, కాగితాలు టీరంగుకు తిరిగాయి. చౌడేశ్వరి ముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకుంది. ఉంది.

"పెద్దాయన షాట్లు వాడటం లేదాంటీ. నేను అడిగి చూశాను," అంది మహిత తలవంచుకుని.

"పోనీలే. ఇది తెచ్చినావు గదా."

ఆ సాయంత్రం అరుగు మీద నాయన పక్కన కూర్చుని చెవిలో చదివింది. చదవడం కాదు, అరవడం. నాలుగు వాక్యాలకే గొంతు పట్టేసింది. వీధి పిల్లలు మూగి కిచకిచలాడారు. దామోదరం చెవికి చెయ్యి ఆన్చి, ముఖం చిట్లించుకుని, చివరికి అడ్డంగా తలాడించాడు. అచ్చం ఆనాటిలాగే.

"ఇంగ వద్దులే మేయ్," అన్నాడు నెమ్మదిగా. "నా సెవులు నాకు తెలుసు."

ఆమె పుస్తకం కొంగులో చుట్టుకుని పక్క వీధికి వెళ్ళిపోయింది. దారిలో ఏడ్చింది. దొరకని పుస్తకం దొరికినా నాయన దొరకలేదని ఏడ్చింది.

మర్నాడు పొద్దున మురుగేష్ మగ్గం కర్రలను షెడ్డు గోడకు ఆనించాడు. ఇంక అటక ఎక్కించేది లేదనీ, నరికి నీళ్ళపొయ్యిలో పెడితే చోటైనా మిగులుతుందనీ గొణిగి, గొడ్డలి తెచ్చి ఆ పక్కనే పెట్టాడు. కర్రలు లెక్క సరిగా వచ్చాయో లేదో చూసుకోవడానికి దామోదరం షెడ్డులోకి వచ్చాడు. ఎన్నేళ్ళకో లోపల అడుగు పెట్టాడు. వద్దని చెప్పడానికి మురుగేష్‌కు నోరు రాలేదు. ఆయన నూలు బేళ్ళ పక్కనున్న పీట మీద కూర్చున్నాడు.

ఆరు లూములూ ఆడుతున్నాయి. చౌడేశ్వరి కళ్ళు తన రెండు లూముల మీద ఉన్నాయి. అవతల గోడ దగ్గర లూములో పోగు తెగడం చూసింది. ఎప్పటిలాగే తమ్ముడి వైపు తిరిగి, చప్పుడు లేకుండా, నోరు బాగా తెరిచి చెప్పింది.

"కడపటి దాంట్లో పోగు తెగింది."

మురుగేష్ కండెలు సర్దుతూ చూడలేదు. చూసింది దామోదరం. ఆమె పెదాలు చూసి, తల తిప్పి, కడపటి లూము వైపు వేలు చూపించి, "అదిగో, ఆడ," అన్నాడు.

చౌడేశ్వరి నిలబడిపోయింది. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఈ మోతలోనే బతికాడు. ఈ మోతలో అందరి మాటలూ పెదాల మీదనే విన్నాడు. చెవులు పోయాక ఇంట్లోవాళ్ళందరూ పక్కన కూర్చుని చెవిలో అరుస్తున్నారు. పక్కన కూర్చున్న మనిషి పెదాలు ఆయనకు ఎట్లా కనపడతాయి? ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా బేలు మీద కూర్చుంది. పెదాలు మాత్రం కదిలించింది.

"నాయనా. తెలస్తా ఉండాదా?"

ఆయన ఆమె నోటి వైపు చూశాడు. కళ్ళు చిన్నవై, మళ్ళీ పెద్దవయ్యాయి.

"తెలస్తా ఉండాది," అన్నాడు. లూముల మోతలో ఆ మాట వినపడలేదు, కనపడింది.

ఇంట్లో పెట్టబుద్ధి కాక వెంట తెచ్చుకున్న పుస్తకాన్ని ఆమె కొంగులోంచి తీసింది. అవతలి నుంచి మురుగేష్ చూశాడు. ఆమె ఆడించే రెండు లూముల వైపు చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నేను చూసుకుంటాలే అని.

"మొదటి నించి వద్దు. ఓడ కాడ తియ్యి," అన్నాడు దామోదరం.

పేజీ వెతికి చదవసాగింది. ఒక్కో మాటను పెదాల మీద పూర్తిగా తయారు చేసి వదిలింది. సముద్రం. గాలి. గడువు. ఆయన చూపు ఆమె నోటి మీద నుంచి కదలలేదు. కథ రంజుగా ఉన్నచోట పీట కింద ఆయన పాదాలు రెండూ ఒకదాని తరువాత ఒకటి నేలను తొక్కుతున్నాయి, ఆయనకు తెలియకుండానే. ఓడలో బొగ్గు అయిపోయింది అనేదాకా వచ్చింది. ఆయన చెయ్యి చాచి పేజీని మూసేశాడు.

"ఉండు. ముందు నేను సెప్తా. కలిసిందేమో సూడు. బొగ్గు లేకుంటే ఓడలో కర్ర ఉండాది గదా. ఓడనే ఇరగ్గొట్టి పొయ్యిలో ఏసింటాడు. కాల్చుకుంటా కాల్చుకుంటా వచ్చేసింటాడు."

ఆమె ఆయన చెయ్యి తొలగించి కింది పేరా చూసింది. నాయనకు ఎవరూ చెప్పలేదు. ఏ సినిమాలోనూ ఆయనకు కనపడలేదు.

"కలిసింది నాయనా. కాల్చినాడు. నీకెట్ల తెలుసు?"

"మన వీధిలో అందరూ సేసింది అదే గదా," అన్నాడు దామోదరం. ఆయన చూపు ఆమె మీద నుంచి జారి, గోడకు ఆనించిన కర్రల మీదికి పోయింది. "మగ్గాలు కాల్చినారు. కాల్చినోళ్ళల్లో ఎందరో తిరుప్పూరు పోయినారు, సూరత్ పోయినారు, యాడాడికో పోయినారు. నేనే..."

అప్పుడే కరెంటు పోయింది. ఆరు లూములూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆయనకు ఆ సంగతి తెలియలేదు. మాట మధ్యలో ఉన్నాడు, మోతలో మాట్లాడే గొంతుతోనే పూర్తి చేశాడు.

"...నేనే కాల్చలేదు. అందుకే యాడికీ పోలేదు."

నిశ్శబ్దంలో ఆ మాట షెడ్డు రేకులకు తగిలి వచ్చింది. మురుగేష్ చేతిలోని కండె కింద పెట్టాడు. నడిచి వెళ్ళి, గోడ పక్కనున్న గొడ్డలి తీసి, లోపలి గదిలో పెట్టి వచ్చాడు.

దామోదరం మళ్ళీ కూతురి ముఖం వైపు తిరిగాడు. లూములు ఆగి ఉండటం అప్పుడు గమనించి, ఏదో తప్పు చేసినవాడిలా నవ్వాడు. తన గొంతు తగ్గించుకున్నాడు.

"సదువు. ఇల్లు సేరేదాకా సదువు. సేరినాక ఆపెయ్యి."

"ఏం నాయనా? కడాకు ఇంకా ఉండాదే."

"ఇంట్లో కూసున్న కథ నాకు తెలిసిందే గదా మేయ్."

చౌడేశ్వరి కళ్ళు తుడుచుకుని పేజీ మీది నూగు ఊదింది. దొర ఇంటికి చేరడానికి ఇంక ఎంతో దూరం లేదు. పట్టుమని పది పేజీలు కూడా లేవు. చప్పుడు లేని షెడ్డులో గొంతెత్తి చదవవచ్చు, కానీ ఆమె ఎత్తలేదు. నాయన కోసం పెదాలే కదిలించింది. ఒక్కో అల నెమ్మదిగా, ఒక్కో మాట నెమ్మదిగా. ఆయన్ను ఇల్లు చేర్చడానికి ఆమె తొందరపడలేదు.